కమలను రానిచ్చి సీతను ఆపే టెక్స్ట్ బాక్స్

పైతాన్ నేర్చుకునే కొత్తలో చాలామంది రాసే ప్రోగ్రామ్ ఒకటుంది. చిన్న విండో, అందులో పేరు అడిగే గడి, దాని కింద ఒక బటన్. పేరులో అంకెలూ చుక్కలూ రాకూడదని ‘ఈజ్‌ఆల్ఫా’ అనే ఫంక్షన్‌తో ఒక తనిఖీ. ఇంగ్లీషులో కొట్టినంతసేపూ ఏ గొడవా ఉండదు. తెలుగులో ‘కమల’ అని కొట్టినా ఒప్పుకుంటుంది. ‘సీత’ అని కొడితే మాత్రం ‘అక్షరాలు మాత్రమే రాయండి’ అంటూ ఎర్రగా అడ్డం తిరుగుతుంది. ‘రమ’ లోపలికి వెళ్తుంది, ‘రాము’ బయటే ఉండిపోతాడు.

దీని వెనక పెద్ద రహస్యమేమీ లేదు. ప్రపంచంలోని లిపులకు కంప్యూటర్ సంకేతాలు కేటాయించే యూనికోడ్ లెక్కలో క, మ, ల మూడూ అక్షరాలే. ‘సీ’ మాత్రం ఒకటి కాదు, రెండు సంకేతాలు: ముందు ‘స’, తర్వాత గుడిదీర్ఘం. ఆ గుడిదీర్ఘాన్ని యూనికోడ్ ‘అక్షరం’ అనే వర్గంలో పెట్టలేదు, ‘గుర్తు’ అనే వర్గంలో పెట్టింది. ఈజ్‌ఆల్ఫా అడిగేది మొదటి వర్గం గురించే. గుణింతాలూ పొల్లూ సున్నా అన్నీ ఆ గుర్తుల జాబితాలోకే వస్తాయి కాబట్టి ‘గంగ’ కూడా గట్టెక్కదు. తలకట్టు ఒక్కదానితో నడిచిపోయే పేర్లు మనకెన్ని ఉంటాయి? మాటల నమూనాలను వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో, అక్షరమో అంకెనో అడిగే ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ’ పెట్టినా పైతాన్‌లో ఫలితం ఇంతే. అక్షరాల వర్గంతో పాటు గుర్తుల వర్గాన్ని కూడా అనుమతించడం ఒక దారి. అసలు పేరును తనిఖీ చేయకుండా వదిలేయడం అంతకన్నా మంచి దారి. తన పేరు ఎలా రాయాలో మనిషికి తెలుసు, ప్రోగ్రామ్ చెప్పక్కర్లేదు.

ఇది తెలుగుకు మాత్రమే వచ్చిన కష్టంలా కనిపిస్తుంది కానీ, మూలం వేరే చోట ఉంది. టెక్స్ట్ బాక్స్‌ని మనం కాగితం ఫారంలో గడిలా ఊహించుకుంటాం: ఒక్కో కీ నొక్కితే ఒక్కో అక్షరం వచ్చి చివర్లో చేరుతుందని. నిజానికి అది గడి కాదు, పొట్టి ఎడిటర్. దానికి సొంత కర్సర్ ఉంటుంది, సెలెక్షన్ ఉంటుంది, చాలాచోట్ల అన్‌డూ కూడా ఉంటుంది. అందులోకి మాటలు ఒక్క కీబోర్డు నుంచే వస్తాయనుకోవద్దు. పేస్ట్ చేస్తే వస్తాయి, మౌస్‌తో లాగి వదిలితే వస్తాయి, బ్రౌజర్ ఆటోఫిల్ చేస్తే వస్తాయి, ఫోన్‌లో మైక్ గుర్తు నొక్కి మాట్లాడినా వస్తాయి. కాబట్టి ఏ కీ నొక్కారని అడిగే కోడ్ ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. ఇప్పుడు లోపల ఏం ఉంది, మనిషి రాయడం అయిపోయిందా అని అడిగే కోడ్ నిలబడుతుంది. టెక్స్ట్ బాక్స్‌లతో వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క తేడా దగ్గరే పుడతాయి.

ఇవాళ మనం మామూలు అనుకునే ఈ ఎడిటర్ స్వభావం ఊరికే రాలేదు. 1970లలో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోన్యీ బ్రావో అనే ఎడిటర్ తయారు చేశారు. అందులో రాసే స్థితి వేరు, ఆజ్ఞలిచ్చే స్థితి వేరు. ఆజ్ఞల స్థితిలో ఉన్నామని మరిచిపోయి ‘ఎడిట్’ అనే మాటను ఇంగ్లీషులో టైప్ చేస్తే, మొదటి అక్షరానికి మొత్తం సెలెక్ట్ అయ్యేది, రెండో దానికి అంతా చెరిగిపోయేది, మూడోది చేర్చమనే ఆజ్ఞ, మిగిలిన ‘టి’ ఒక్కటే కాగితం మీద మిగిలేది. ఈ స్థితుల గోల వద్దని పట్టుపట్టినవాడు లారీ టెస్లర్. టిమ్ మాట్‌తో కలిసి ఆయన జిప్సీ అనే ఎడిటర్ రాశాడు. మౌస్‌తో రెండు అక్షరాల మధ్య నొక్కి అక్కడే రాయడం, కట్ చేసి ఇంకోచోట పేస్ట్ చేయడం అందులోంచి వచ్చిన అలవాట్లే. ఆ రోజుల్లో పెద్ద డాక్యుమెంట్ కోసం కట్టిన పనితనమంతా ఇవాళ లాగిన్ పేజీలోని చిన్న గడిలో కూర్చుని ఉంది. అందుకే ఆ గడి చూడ్డానికి కనిపించేంత అమాయకమైనది కాదు.

కొత్తవాళ్ళు ఎక్కువగా చేయి పెట్టేది పైతాన్‌తో పాటే వచ్చే, విండోలు గీసే టికింటర్ లైబ్రరీలో కాబట్టి అక్కడి సంగతులు కాస్త దగ్గరగా చూడాలి. ఒక్క వరుసకు ‘ఎంట్రీ’, చాలా వరుసలకు ‘టెక్స్ట్’. మొదటి దెబ్బ సాధారణంగా ఇలా తగులుతుంది: ఎంట్రీని తయారు చేసి, అదే లైన్లో చుక్క పెట్టి ‘ప్యాక్’ అని పిలిచి, వచ్చినదాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకుంటారు. తెర మీద గడి చక్కగా కనిపిస్తుంది. బటన్ నొక్కగానే ‘నన్‌టైప్’ అంటూ ఎర్రర్. ప్యాక్ గడిని తెర మీద పెట్టే పని చేస్తుందే కానీ గడిని తిరిగి ఇవ్వదు, అది ఇచ్చేది ‘నన్’, అంటే ఏమీ లేదని. తయారీ ఒక లైన్లో, ప్యాక్ ఇంకో లైన్లో రాస్తే సరిపోతుంది. రెండో దెబ్బ సమయానికి సంబంధించింది. గడి తయారు చేసిన మరుసటి లైన్లోనే ‘గెట్’ అని పిలిచి, ఖాళీ స్ట్రింగ్ వస్తోందేమిటని జుట్టు పీక్కుంటారు. ఆ లైన్ నడిచే సమయానికి విండో ఇంకా తెరుచుకోనే లేదు, రాసే మనిషి దాన్ని చూడనే లేదు. ‘ఇన్‌పుట్’ ఫంక్షన్‌తో టెర్మినల్‌లో రాసిన అలవాటు ఇక్కడ అడ్డొస్తుంది. టెర్మినల్‌లో ప్రోగ్రామ్ ఆగి మనిషి కోసం ఎదురుచూస్తుంది. విండోలో ప్రోగ్రామ్ ఎక్కడా ఆగదు, మనిషి ఏదైనా చేసినప్పుడు దానికి కట్టిన ఫంక్షన్‌ను టికింటర్ పిలుస్తుంది. గెట్ ఉండాల్సింది బటన్ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్ లోపల.

టెక్స్ట్ విడ్జెట్‌కు ఇంకో చమత్కారం ఉంది. అందులో మొదటి స్థానం పేరు ‘1.0’. వరుసలు ఒకటి నుంచి లెక్క, వరుసలోని స్థానాలు సున్నా నుంచి లెక్క. ఈ సంప్రదాయాన్ని సమర్థించడం కష్టం, గుర్తుపెట్టుకోవడమే. చివరిదాకా చదవమంటే, రాసినవారు ఎంటర్ నొక్కకపోయినా, చివర్లో ఒక కొత్త లైన్ గుర్తు అదనంగా వస్తుంది. ఆ విడ్జెట్ ఎప్పుడూ దాన్ని తన దగ్గర ఉంచుకుంటుంది. ‘చివర నుంచి ఒక అక్షరం వెనక్కి’ అని అడిగితేనే అసలు రాసింది మాత్రమే చేతికొస్తుంది. ఈ సంగతి తెలియక ‘గడి ఖాళీగా ఉందా’ అని పోల్చే కోడ్ ఎప్పటికీ లేదనే చెబుతుంది.

ఇక తనిఖీ. అంకెలు మాత్రమే రావాలంటే కీ నొక్కినప్పుడు అంకె కాకపోతే మింగేద్దాం అనేది అందరికీ తట్టే మొదటి ఆలోచన. జావాలో విండోలు గీసే స్వింగ్ లైబ్రరీలో, కీ నొక్కగానే కబురందుకునే కీలిజనర్ తగిలించి ఇలా చేసిన కోడ్ ఇప్పటికీ కనిపిస్తుంది. మౌస్ కుడి బటన్ మెనూ నుంచి పేస్ట్ చేస్తే ఆ కాపలా అంతా వృథా, ఎందుకంటే అక్కడ కీ అనేదే లేదు. స్వింగ్‌లో దీనికి సరైన చోటు డాక్యుమెంట్‌ఫిల్టర్. గడి వెనక ఉన్న పాఠం, అంటే టెక్స్ట్, మారబోయే ముందు అది అడుగుతుంది, మార్పు ఏ దారిన వచ్చినా సరే. దాని బదులు, మార్పు జరిగాక కబురు చెప్పే డాక్యుమెంట్‌లిజనర్ పెట్టి అందులోనే పాఠాన్ని సరిదిద్దబోతే, మార్పు గురించి చెబుతున్న సమయంలో మళ్ళీ మార్చకూడదని జావా నేరుగా ఎర్రర్ ఇస్తుంది.

టికింటర్‌లో ‘వ్యాలిడేట్‌కమాండ్’ అనే సదుపాయం ఉంది. దానికి ‘శాతం పి’ (%P) అని చెబితే, ఈ మార్పును ఒప్పుకుంటే గడిలో ఏముంటుందో ముందుగానే చేతికిస్తుంది. చాలా మంచి ఏర్పాటు, ఒక్క గోతి తప్ప. మన ఫంక్షన్ అవును అనో కాదు అనో కచ్చితంగా చెప్పాలి. ఏదో ఒక దారిలో ‘రిటర్న్’ రాయడం మరిచిపోతే, టికింటర్ అడుగున పనిచేసే టీకే ఆ తనిఖీని చప్పుడు లేకుండా ఆపేస్తుంది. మొదటి ఒకటి రెండు కీల దాకా కాపలా ఉన్నట్టే ఉంటుంది, ఆ తర్వాత ఏది కొట్టినా లోపలికే. తనిఖీ నడుస్తుండగా అదే గడిలోని పాఠాన్ని మార్చినా ఇదే శిక్ష. ఎర్రర్ కనిపించదు కాబట్టి ఇది దొరకడానికి గంటలు పడుతుంది.

ఇంకో సంగతి: సగం రాసినది తప్పు కాదు. ఒకటి నుంచి వంద మధ్య మార్కులు అడిగే గడిలో ఉన్న అంకెను చెరిపి కొత్తది రాయాలంటే మధ్యలో గడి ఖాళీ కావాలి. ఖాళీని ఒప్పుకోని తనిఖీ ఉంటే చివరి అంకె ఎంత బ్యాక్‌స్పేస్ కొట్టినా పోదు. మైనస్ ఐదు రాయాలంటే ముందు వట్టి మైనస్ ఉండాలి. విండోలు గీసే మరో లైబ్రరీ క్యూటీని కట్టినవాళ్ళు ఇది గమనించే, వాళ్ళ వ్యాలిడేటర్‌కు రెండు కాదు, మూడు జవాబులు పెట్టారు: కుదరదు, కుదిరింది, మధ్యలో ఉంది. ఆ మూడోదే ప్రాణం. రాస్తున్న మనిషిని మధ్యలో తిట్టకూడదన్న ఇంగితం ఆ ఒక్క మాటలో ఉంది. మెయిల్ అడ్రస్ మొదటి అక్షరం కొట్టగానే ‘సరైన అడ్రస్ ఇవ్వండి’ అని ఎర్రగా మెరిసే వెబ్ ఫారాలకు ఆ ఇంగితం ఇంకా రాలేదు.

ఫోన్ నంబర్ గడిలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. మన నంబర్లు పది అంకెలు కాబట్టి గడిలో పట్టే గుర్తులకు హద్దుగా ‘మ్యాక్స్‌లెంగ్త్ పది’ అని పెట్టేస్తారు. ఫోన్‌లోని కాంటాక్ట్ నుంచి కాపీ చేస్తే నంబర్ ముందు ప్లస్ తొంభై ఒకటి, దాని తర్వాత ఒక ఖాళీ, ఐదు అంకెల తర్వాత ఇంకో ఖాళీ వస్తాయి. పేస్ట్ చేయగానే బ్రౌజర్ మొదటి పది గుర్తులు ఉంచి మిగతాది కోసేస్తుంది, ఒక్క మాటైనా చెప్పకుండా. వాడేవారు గమనిస్తే సరే, లేకపోతే ఓటీపీ రాదు, ఎందుకు రాదో తెలియదు, టెన్షన్ మాత్రం వస్తుంది. గడిని వెడల్పుగా వదిలేసి, సబ్మిట్ చేశాక ఖాళీలూ ప్లస్ తొంభై ఒకటీ మనమే తీసేసి చూసుకుంటే అసలు సమస్యే ఉండదు. అలాగే నంబర్ కదా అని వెబ్‌లో ‘టైప్ నంబర్’ పెట్టడమూ పొరపాటే. అది లెక్కపెట్టే సంఖ్యల కోసం. పిన్‌కోడ్, ఖాతా నంబర్ లాంటివి కూడికలూ తీసివేతలూ చేసేవి కావు, అంకెలతో రాసిన పేర్లు. వాటికి మామూలు టెక్స్ట్ గడే పెట్టి, ఫోన్‌లో అంకెల కీబోర్డు తెరుచుకునేలా ‘ఇన్‌పుట్‌మోడ్’ చెబితే చాలు.

ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మరో మంచి ఉదాహరణ. పదకొండు గుర్తులు, మొదటి నాలుగు బ్యాంకును చెప్పే అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. పాస్‌బుక్ చూసి కొట్టేవారు అక్కడ ఇంగ్లీషు ‘ఓ’ కొడతారు. అది ‘ఓ’ కావడానికి వీల్లేదని ప్రోగ్రామ్‌కు తెలుసు కదా, తనే సున్నాగా మార్చుకోవచ్చు. ‘ఇన్‌వాలిడ్’ అని చెప్పి కూర్చోవడం దేనికి? చిన్న అక్షరాలను పెద్దవి చేయడం కూడా గడి పనే, మనిషి పని కాదు.

అంకెల మాట వచ్చింది కాబట్టి ఒక పక్క ముచ్చట. తెలుగు అంకెల్లో ‘౧౨౩’ అని కొట్టి పైతాన్‌లో ‘ఇంట్’ చేస్తే నూట ఇరవై మూడు వస్తుంది. జావా పార్స్‌ఇంట్ కూడా ఒప్పుకుంటుంది. జావాస్క్రిప్ట్ మాత్రం ఇది సంఖ్యే కాదంటుంది. తెలుగు అంకెలు వాడేవారు తక్కువే, నిజమే. కానీ ఒకే గడిలో రాసింది సర్వర్‌లో చెల్లి బ్రౌజర్‌లో చెల్లకపోవడం వింతే.

పొడవు దగ్గర తెలుగు ఇంకాస్త గట్టిగా ప్రశ్నిస్తుంది. ‘స్త్రీ’ ఎన్ని అక్షరాలు? బడిలో అడిగితే ఒకటి. పైతాన్‌ని అడిగితే ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఫైళ్ళలో దాచేటప్పుడు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో పద్దెనిమిది బైట్లు. వెబ్‌లో మ్యాక్స్‌లెంగ్త్ లెక్కలో ఆరు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కు ముందు, అక్షర సముదాయాలను విడదీసే నియమం ప్రకారం ఇది మూడు ముక్కలయ్యేది, పొల్లు దగ్గర తెగేది కాబట్టి. 15.1లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ లాంటి కొన్ని లిపుల కోసం ఒక నియమం చేర్చాక ఒకటే ముక్క అయింది. బడిలో చెప్పిన లెక్కకు కంప్యూటర్ అంతకాలానికి వచ్చింది. ఆ నియమం అందని పాత లైబ్రరీ వాడే గడిలో మాత్రం ఇంకా మూడే.

ఇవన్నీ సరైన లెక్కలే, కానీ గడి ఒక లెక్కతో కొలిచి డేటాబేస్ ఇంకో లెక్కతో కొలిస్తేనే గొడవ. ఒరాకిల్ డేటాబేస్‌లో ఇరవై పొడవు అని చెప్పిన వార్‌చార్2 (మాటలు దాచే రకం) కాలమ్, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, ఇరవై బైట్లు అనే అర్థం చేసుకుంటుంది. అందులో ఒక్క ‘స్త్రీ’ పద్దెనిమిది తినేస్తుంది. గడి ఇరవై దాకా రాయనిచ్చింది, సేవ్ నొక్కాక డేటాబేస్ కాదంది. ఎస్ఎంఎస్ పంపే పేజీల్లోనూ ఇంతే: ఇంగ్లీషు సందేశానికి నూట అరవై గుర్తులు, తెలుగు సందేశానికి డెబ్భై. గడి కింద ఎప్పుడూ నూట అరవై నుంచే తగ్గే కౌంటర్ పెడితే, ఒకటనుకున్న సందేశం మూడుగా చీలి బిల్లు పెరుగుతుంది.

బ్యాక్‌స్పేస్ కూడా చూడదగిందే. ‘స్త్రీ’ తర్వాత కర్సర్ ఉండగా ఒకసారి నొక్కితే చాలా ఎడిటర్లలో దీర్ఘం మాత్రమే పోయి ‘స్త్ర’ మిగులుతుంది. మళ్ళీ నొక్కితే ‘స్త్’, ఆ తర్వాత ‘స్త’. బాణం కీతో కదిలితే మాత్రం మొత్తాన్ని ఒక్క గంతులో దాటుతుంది, కర్సర్ దానికి ముందు ఉండగా డిలీట్ కీ నొక్కితే చాలాచోట్ల మొత్తం పోతుంది. చూసేవారికి పొంతన లేనట్టు అనిపించినా ఇది తెలివైన పద్ధతి. గుణింతం తప్పు పడితే గుణింతమే సరిచేసుకోవచ్చు, ఒత్తులన్నీ మళ్ళీ కొట్టక్కర్లేదు. సొంతంగా టెక్స్ట్ బాక్స్ గీసుకునేవాళ్ళు, ముఖ్యంగా గేమ్‌ల కోసం గీసేవాళ్ళు, ‘చివరి ఒక్కటి తీసేయ్’ అని ఒకే నియమం రాసుకుని బాణం కీకీ అదే వాడతారు. అప్పుడు కర్సర్ ‘స్త్రీ’ కడుపులో ఎక్కడో ఆగి, కీ నొక్కినా కదలనట్టు కనిపిస్తుంది.

తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్ళ దగ్గర కథ ఇంకో మలుపు తిరుగుతుంది. లేఖిని అనే వెబ్‌సైట్‌లో ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే ఇంకో పెట్టెలో తెలుగు వచ్చేది. రెండు పెట్టెలు కాబట్టి ఎవరి పని వారిది, తికమక లేదు. ఇప్పుడు ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ రాస్తున్న చోటే మారే పద్ధతి ఎక్కువ. కొడుతున్నంతసేపూ మాట కింద గీత ఉంటుంది, అంటే అది ఇంకా ఖరారు కాలేదని. ఖరారయ్యాకే అది పాఠం. ఈ దశ మొదలైందనీ ముగిసిందనీ బ్రౌజర్ ‘కంపోజిషన్’ ఈవెంట్లతో చెబుతుంది. అవి పట్టించుకోని చాట్ పేజీలో సూచనల్లోంచి సరైన మాట ఎంచుకోవడానికి ఎంటర్ నొక్కగానే సగం ఇంగ్లీషూ సగం తెలుగూ ఉన్న సందేశం వెళ్ళిపోతుంది. ప్రతి మార్పుకూ గడిలోని పాఠాన్ని తిరగరాసే ఫారంలో అయితే మాట మధ్యలోనే తెగి, కొట్టిన అక్షరాలు రెండేసి సార్లు పడతాయి. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ చాలా కీలకు అసలు కీ ఏమిటో చెప్పదు, 229 అనే ఒకే నంబర్ ఇస్తుంది. కీని నమ్ముకున్న కోడ్‌కు అక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

కంటికి కనపడనివీ కొన్ని లోపలికి వస్తాయి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట’ కింద ‘వ’ ఒత్తుగా దిగకుండా ఆపడానికి పొల్లు తర్వాత ఒక వెడల్పు లేని గుర్తు పెడతాం. అది లేకపోతే మాట ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ఖాళీలు తీసేసే ‘స్ట్రిప్’ దీన్ని ముట్టదు, ఎందుకంటే అది ఖాళీ కాదు. అతి జాగ్రత్తపరులు కనపడని గుర్తులన్నీ తీసేసే కోడ్ పెడితే మన రాత చెడుతుంది. తీయకుండా వెతికితే, ఒకరు గుర్తుతో రాసిన మాట, ఇంకొకరు గుర్తు లేకుండా రాసిన మాట కలవవు. దాచేది రాసినట్టే దాచి, వెతకడానికి మాత్రం గుర్తులు తీసేసిన నకలు వేరే ఉంచుకోవడం తెలివి. ‘ఐ’త్వం కూడా ఇలాంటిదే, ఒకే సంకేతంగానూ రెండు సంకేతాలుగానూ రావచ్చు, చూపుకు ఒకటే. పోల్చే ముందు యూనికోడ్ చెప్పిన పద్ధతిలో ఒకే రూపానికి తెచ్చుకోవాలి.

ఈ కనపడని గుర్తు ఎంత పని చేయగలదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ గుర్తు, చివర దీర్ఘం: ఈ ఐదూ ఆ వరుసలో వస్తే ఐఫోన్‌లో దాన్ని చూపించబోయిన చాలా యాప్‌లు కుప్పకూలేవి. మెసేజ్‌గా వచ్చినా, నోటిఫికేషన్‌గా వచ్చినా అంతే. ‘తెలుగు అక్షరం ఐఫోన్‌ను కూల్చింది’ అని వార్తలొచ్చాయి. కూల్చింది అక్షరం కాదు, దాన్ని తెర మీద పేర్చే కోడ్‌లోని లోపం. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిదిద్దింది. ఆ పేర్చే కోడ్ మనం రాసేది కాదు, మన టెక్స్ట్ బాక్స్ మాత్రం దాని మీదే కూర్చుని ఉంటుంది.

అన్నిటికన్నా తేలిగ్గా కనిపించే తప్పు ఇంకోటి మిగిలింది, గడి ఎత్తు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా ఎత్తును పిక్సెళ్ళలో బిగించేస్తారు. అందులో ‘లక్ష్మి’ అని రాస్తే పైన గుడి నెత్తి తెగుతుంది, కింద ఒత్తులు సగమే కనిపిస్తాయి, ‘ష’ ఒత్తు పడిందో లేదో రాసినవారికే తెలియదు. కొట్టింది చూసి సరిచేసుకోలేని గడికి ఎన్ని తనిఖీలు పెట్టినా ఏం లాభం? ఎత్తు మనం చెప్పకుండా వదిలేస్తే చాలా లైబ్రరీలు ఫాంట్‌ను బట్టి తామే చూసుకుంటాయి. చెప్పక తప్పకపోతే, గడిలో ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ కొట్టి, మూడూ నిండుగా కనిపించేదాకా పెంచాలి.